పలకలు ఢీకొన్న కొండలు చూడాలంటే విజయవాడ నుంచి ఏ దారి మంచిది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నారు. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన మీ అమ్మాయి భూమి పలకల పాఠం చదివి, రెండు పలకలు గుద్దుకున్న చోటు చూపించమని పట్టుబట్టింది. మే నెలలో పది రోజులు వీలవుతుంది. అత్తగారు, మామగారు కూడా వస్తారు. అత్తగారికి బీపీ ఉంది. ట్రావెల్స్ వాళ్ళు లేహ్ ప్యాకేజీ అంటున్నారు. మీ వారు లోన్ పెట్టయినా స్విట్జర్లాండ్ అంటున్నారు. మీ తోడికోడలేమో కాఠ్మాండూ వెళ్ళి ఎవరెస్టు చూపించే విమానం ఎక్కమంది. ఇందులో ఏది మేలు, అసలు అక్కడ చూడ్డానికి ఏముంటుంది, భూకంపాల భయం లేదా అని మీ ప్రశ్న.

ఈ మే నెలకి, పెద్దవాళ్ళతో కలిసి అయితే, హరిద్వార్ నుంచి బదరీనాథ్ వెళ్ళే రోడ్డు. నా జవాబు అదే. లేహ్ మంచిదే, కానీ అది మీరూ మీ అమ్మాయీ దసరా సెలవుల్లో విడిగా వెళ్ళాల్సిన ఊరు. స్విట్జర్లాండ్‌కి ఈ పని మీద లోన్ పెట్టక్కర్లేదు. గుంటూరులో చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జియాలజీ చెప్పాను, ఫీల్డ్ ట్రిప్పులకి వాళ్ళని ఈ రోడ్ల మీదే తిప్పాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పొడుగైతే ఏమనుకోకండి.

ముందు ఆ 'చోటు' సంగతి. అక్కడ నిలబడి ఫొటో దిగడానికి గీత గీసినట్టు ఒక చోటంటూ లేదు. హరిద్వార్ దగ్గర గంగ మైదానంలో అడుగుపెట్టే దగ్గర్నుంచి లదాఖ్‌లో సింధు నది దాకా సుమారు 250, 300 కిలోమీటర్ల వెడల్పున నేలంతా ఆ దెబ్బకి నలిగిందే. ఒక శిఖరాన్ని చూసి తిరిగొచ్చేస్తే మంచు చూసినట్టవుతుంది, అంతే. ఆ వెడల్పుని అడ్డంగా కోసుకుంటూ పోయే రోడ్డు పట్టుకుంటే దెబ్బ ఎలా పడిందో వరసగా కనిపిస్తుంది. నదులు ఆ కోత ముందే కోసి పెట్టాయి. రోడ్లు ఆ నదుల్ని పట్టుకునే పోతాయి. మీరు చేయాల్సిందల్లా ఎక్కడ కారు ఆపాలో తెలుసుకోవడం.

మీ అమ్మాయి పుస్తకంలో ఉన్న కథే అయినా రెండు ముక్కలు చెప్తాను, లేకపోతే తర్వాత రాసేది అతకదు. భూమి పైభాగం పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, ఆ ముక్కలే పలకలు, అవి మెల్లగా జరుగుతుంటాయి. ఇండియా ఒకప్పుడు ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా అనే పెద్ద ఖండంలో ఉండేది. విడిపోయి ఉత్తరంగా వచ్చింది, ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకి పైగా వేగంతో. మధ్యలో టెథిస్ సముద్రం ఉండేది. ఆ సముద్రపు అడుగు ఆసియా కిందికి దూరిపోతూ, సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం మూసుకుపోయింది, ఖండానికి ఖండం తగిలింది. సముద్రపు అడుగు బరువైన రాయి, లోపలికి మునుగుతుంది. ఖండం రాయి తేలిక, అంత సులువుగా మునగదు. ఆత్రేయపురం తాండ్ర మడతని బల్ల మీద పెట్టి ఒక పక్క నుంచి అరచేత్తో నెట్టి చూడమనండి మీ అమ్మాయిని. ముందు వంపు తిరుగుతుంది, ఇంకా నెడితే పొర చీలి పక్క పొర మీదికి ఎక్కుతుంది. హిమాలయాల్లో జరిగింది అదే. పొర పొర మీదికి ఎక్కిన ఆ చీలికల్నే జియాలజీలో థ్రస్ట్‌లు అంటాం. అలా ఎక్కీ ఎక్కీ, మామూలుగా 35 కిలోమీటర్లుండే భూమి పైపొర టిబెట్ కింద 70 కిలోమీటర్ల దాకా మందమైంది.

ఇది అయిపోయిన కథ కూడా కాదు. మీ బెంజి సర్కిల్ ఈ ఏడాది కూడా ఈశాన్యంగా సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతుంది. మీ అమ్మాయి పుట్టిన దగ్గర్నుంచి లెక్కేస్తే బెజవాడ మొత్తం 70 సెంటీమీటర్లు జరిగినట్టు. ఆ నెట్టుడులో 2 సెంటీమీటర్లు హిమాలయాల్లోనే నలుగుతోంది, మిగతాది టిబెట్‌లోనూ ఆపైనా.

ఇప్పుడు మీకు వింతగా అనిపించే మాట ఒకటి. టికెట్లు బుక్ చేసే ముందు ఒక ఆదివారం పొద్దున్నే అమ్మాయిని తీసుకుని ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కండి. దర్శనం ఎలాగూ అవుతుంది. వచ్చేటప్పుడు కొండని కోసిన గోడ దగ్గర, రాళ్ళు మీద పడని చోట నిలబడి, కింద పడి ఉన్న ముక్క ఒకటి చేతిలోకి తీసుకోండి. పైన తుప్పు రంగు ఉంటుంది, అది గాలికీ వానకీ పట్టిన రంగు. విరిగిన వైపు తిప్పి, కాసిని నీళ్ళు పోసి, భూతద్దంతో చూడండి. గాజుముక్కల్లా కనిపించేది క్వార్ట్జ్. మధ్యలో దానిమ్మ రంగులో, ఆవగింజ నుంచి శనగగింజ దాకా రకరకాల సైజుల్లో ఉన్నవి గార్నెట్. సన్నటి పుల్లల్లా, వెలుగుకి పట్టులా మెరిసేది సిల్లిమనైట్. ఈ రాయి పేరు ఖోండలైట్. ఇది మొదట్లో బురద. మామూలు బంకమట్టి పొరలు. అలాంటి బురదలో సిల్లిమనైట్, గార్నెట్ ఇలా పుట్టాలంటే 20 కిలోమీటర్లకి పైగా లోతుకి దిగి, 800 డిగ్రీలకి పైబడిన వేడిలో ఉడకాలి.

మరి అంత లోతున తయారైన రాయి అమ్మవారి గుడి పక్కన ఏం చేస్తోంది? దాని మీద ఒకప్పుడు 20 కిలోమీటర్ల మందం కొండలు ఉండేవి, అవన్నీ అరిగి కొట్టుకుపోయాయి. అదీ జవాబు. మన తూర్పు కనుమలు కూడా పలకల ఒత్తిడిలో పుట్టినవే. విజయవాడ, ఒంగోలు వైపు రాళ్ళు ఉడికింది దాదాపు 160 కోట్ల ఏళ్ళ క్రితం. విశాఖ, అరకు వైపు రాళ్ళ మీద 100 కోట్ల ఏళ్ళ నాటి ముద్ర ఉంది, అప్పుడు ఆ అంచుకి అంటార్కిటికా అతుక్కుని ఉంది. అంటే మీరు రోజూ చూసే కొండలు పాత పర్వతాల అడుగు భాగం. హిమాలయాల్లో మీరు చూడబోయేది కొత్త పర్వతాల పై భాగం. రెండూ చూస్తేనే మొత్తం కొండ చూసినట్టు. ఈ సౌకర్యం మనకి ఇంటి పక్కనే ఉంది.

వీలైతే కొండపల్లి కూడా వెళ్ళండి. బొమ్మలు కొనుక్కుని వెనక్కి తిరిగేవాళ్ళే ఎక్కువ గానీ, ఖిల్లా దారిలో ఉన్న నల్లటి, బరువైన రాళ్ళు భూమి లోపల కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గడ్డకట్టినవి. అక్కడ క్రోమైట్ ఖనిజం కూడా దొరికింది. ఇక గుంటూరు వైపు చుట్టాలెవరైనా ఉంటే పిడుగురాళ్ళ మీదుగా మాచర్ల, ఎత్తిపోతల దాకా పోయి రండి. పల్నాడు సున్నపురాయి పాత సముద్రం అడుగున పరుచుకున్నది, గుల్ల ఉన్న జంతువులు భూమ్మీద పుట్టకముందటిది. చాలాచోట్ల పొరలు పుస్తకం పేజీలు పడుకోబెట్టినట్టే ఉంటాయి. ఇలా పడుకుని ఉన్న పొరల్ని ముందు చూసి ఉంటే, హిమాలయాల్లో అలాంటి పొరలు నిలువుగా లేచి నిలబడ్డప్పుడు మీ అమ్మాయికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఇక అసలు దారి. ఢిల్లీ దాకా రైలంటే దాదాపు ముప్పై గంటలు. పది రోజులే ఉన్నాయి కాబట్టి పోయేటప్పుడైనా గన్నవరం నుంచి విమానం చూసుకోండి. ఢిల్లీ నుంచి హరిద్వార్‌కి రైళ్ళు బోలెడు. రిషీకేశ్‌లో తితిదే వారి ఆంధ్రా ఆశ్రమం ఉంది, పెద్దవాళ్ళకి అక్కడ మన భోజనం, మన భాష దొరుకుతాయి. హరిద్వార్ నుంచి బదరీనాథ్ సుమారు 320 కిలోమీటర్లు. ఒక్క రోజులో తీసుకెళ్తానని డ్రైవర్ అంటాడు. ఒప్పుకోకండి. రెండు రోజులు పెట్టుకుని, మధ్యలో పీపల్‌కోటిలో పడుకోండి. ఒంటికీ మంచిది, చూడ్డానికీ మంచిది.

హరిద్వార్‌లో మానసాదేవి కొండకి రోప్‌వే ఉంది, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కూడా ఎక్కొచ్చు. ఆ కొండ శివాలిక్ కొండల్లోది. దగ్గరికెళ్ళి చూస్తే మెత్తటి ఇసుకరాయి, గోటితో గీకితే రాలుతుంది. కొండలో ఇసుకేమిటి? హిమాలయాలు లేస్తున్నకొద్దీ నదులు వాటిని కోసి ఇసుకా గులకరాళ్ళూ కిందికి తెచ్చి పోశాయి. పలకల నెట్టుడు ఆగలేదు కదా, ఆ పోసిన కుప్ప కూడా నలిగి పైకి లేచింది. డెహ్రాడూన్ వైపు మోహండ్ దగ్గర రోడ్డు పక్కన నున్నటి నది గులకరాళ్ళు కొండ గోడలో ఇరుక్కుని ఉంటాయి. హిమాలయాలు మైదానం వైపు ముందుకి జరిగే ఆఖరి అంచు కూడా అక్కడే ఉంది, మెయిన్ ఫ్రంటల్ థ్రస్ట్ అంటారు. డెహ్రాడూన్‌లో వాడియా హిమాలయన్ జియాలజీ సంస్థ మ్యూజియం ఉంది. ఫోన్ చేసి, తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి.

రిషీకేశ్ దాటగానే రాయి మారుతుంది. దేవప్రయాగ దాకా గోడల్లో కనిపించేది ఫిల్లైట్, పలకరాయి (బడి పలకలు చేసే రాయి), క్వార్ట్జైట్, అక్కడక్కడ సున్నపురాయి. పొరలు తిన్నగా ఉన్న చోటు వెతికినా దొరకదు, అంతా చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు ముడతలు. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలుస్తాయి, ఆ సంగమం మీకు తెలిసిందే. శ్రీనగర్, రుద్రప్రయాగ మధ్య సిరోబగడ్ అనే చోట కొండ ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. అక్కడ ఆగకుండా పొమ్మనండి.

అసలు ఘట్టం పీపల్‌కోటి దాటాక మొదలవుతుంది. పీపల్‌కోటి చుట్టుపక్కల లోయ కాస్త విశాలంగా ఉంటుంది. మెట్ల పొలాలు, ఇళ్ళు కనిపిస్తాయి. రాళ్ళు డోలమైటు, పలకరాయి, అంటే మరీ ఎక్కువ వేడి తగలనివి. అక్కణ్ణుంచి హేలంగ్ చేరేసరికి లోయ ఇరుకైపోయి రెండు పక్కలా గోడలు లేస్తాయి. అలకనంద చప్పుడు కూడా మారుతుంది. ఇక్కడ మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ రోడ్డుని దాటుతుంది. హిమాలయాలన్నిటిలోకీ ముఖ్యమైన చీలికల్లో ఇదొకటి, పడమట నుంచి తూర్పుకి రెండు వేల కిలోమీటర్లకి పైగా సాగుతుంది. హేలంగ్ దాటి, రోడ్డు వెడల్పుగా ఉన్న ఒక చోట బండి ఆపించి, కింద పడ్డ రాయి ఒకటి తడిపి చూడండి. తెలుపు నలుపు చారలు, అభ్రకం తళుకు, చారల మధ్య ఎర్రటి గింజలు. ఇంద్రకీలాద్రి మీద చూసిన గార్నెట్లే. అవి పుట్టింది 160 కోట్ల ఏళ్ళ క్రితం, ఇవి పుట్టింది రెండు మూడు కోట్ల ఏళ్ళ క్రితం. తేడా అంతే. రాసిపెట్టుకోమనండి.

ఇక్కడ మీ అమ్మాయి కాస్త తెలివైనదైతే ఒక ప్రశ్న అడగాలి. భూమి లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది కదా, మరి తక్కువ వేడి తగిలిన రాళ్ళు కింద పీపల్‌కోటిలో, ఎక్కువ వేడిలో ఉడికిన రాళ్ళు పైన జోషీమఠ్‌లో ఎలా ఉన్నాయి? వరస తలకిందులైంది కదా? నిజమే, తలకిందులైంది. లోతున ఉడికిన భాగం మొత్తం చీలిక మీదుగా జారి పైకెక్కి, చల్లటి రాళ్ళ నెత్తిన కూర్చుంది. పలకలు ఢీకొన్నాయనడానికి నాకు తెలిసిన సాక్ష్యాల్లో ఇంతకంటే సూటిగా కనిపించేది ఇంకోటి లేదు. శిఖరాలు, మంచు ఫొటోలకి బాగుంటాయి గానీ, నేను పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఎక్కువసేపు ఆగింది ఈ హేలంగ్ మలుపుల్లోనే.

జోషీమఠ్ సంగతి పేపర్లలో చదివే ఉంటారు. 2023 జనవరిలో ఇళ్ళు బీటలు వారి జనాన్ని ఖాళీ చేయించారు. ఆ ఊరు గట్టి రాతి మీద లేదు, పాత కొండచరియలు జారి పేరుకున్న మట్టి, బండల మీద ఉంది. 1976లోనే ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ ఆ మాట చెప్పింది. అలాంటి చోట పెద్ద కట్టడాలు కట్టొద్దని కూడా చెప్పింది. మనకి ఇది పరాయి ఊరి కథలా అనిపిస్తుంది గానీ, 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండ విరిగి ఇళ్ళ మీద పడింది చూశాం కదా. గాలికీ నీటికీ మెత్తబడ్డ రాయి, దాన్ని నిట్టనిలువుగా కోసి కట్టిన ఇళ్ళు, కుండపోత వాన కలిస్తే కొండ ఎంత ముసలిదైనా జారుతుంది.

జోషీమఠ్ నుంచి బదరీనాథ్ దాకా అంతా ఈ ఉడికిన రాళ్ళే. బదరీనాథ్ సుమారు 3,100 మీటర్ల ఎత్తు. అక్కడ తప్తకుండంలో స్నానం చేస్తారు కదా, ఆ వేడి అగ్నిపర్వతం వల్ల వచ్చింది కాదు. హిమాలయాల్లో ఇప్పుడు మండే అగ్నిపర్వతాలు లేవు. మంచునీళ్ళు పగుళ్ళలోంచి లోతుకి దిగి, అక్కడి వేడికి కాగి, ఇంకో పగులు పట్టుకుని పైకొస్తాయి. మరి సముద్రపు అడుగు ఆసియా కిందికి మునుగుతున్నప్పుడు అగ్నిపర్వతాలు లేవా అంటే ఉన్నాయి, వాటి అవశేషాలు లదాఖ్‌లో ఉన్నాయి. గుడి వెనక నీలకంఠ శిఖరం తెల్లవారుజామున మబ్బు పట్టకముందే కనిపిస్తుంది. ఆ పైన మానా ఊరు, భీమ్ పుల్. మీ అత్తగారికి అది తీర్థం, మీ అమ్మాయికి పాఠం. ఒకే బండిలో ఇద్దరికీ పని జరుగుతుంది, ఈ రోడ్డునే ముందు చెప్పడానికి ఇంకో కారణం ఇది.

ఇప్పుడు లేహ్. రెండు ఖండాలు అతుక్కున్న అతుకు చూడాలంటే దానికి సాటి లేదు. లేహ్ రాజభవనం ఉన్న కొండ, ఖర్దుంగ్ లా వైపు కొండలు అన్నీ గ్రానైట్. అది ఆసియా అంచున అగ్నిపర్వతాల కింద గడ్డకట్టిన రాయి. సింధు దాటి దక్షిణంగా చూస్తే స్తోక్ కొండల్లో ఊదా, ఆకుపచ్చ, ఎరుపు రంగుల పొరలు. అవి ఢీకొన్న సమయంలో ఆ అంచున పేరుకున్న ఇసుక, గులకరాళ్ళు. ఇంకా దక్షిణంగా జాంస్కార్ వైపు పోతే టెథిస్ సముద్రపు సున్నపురాళ్ళు, అవి ఇండియా తాలూకువి. నది ఈ అతుకు పట్టుకుని పారుతోంది. లేహ్ నుంచి మనాలి రోడ్డులో సుమారు 50 కిలోమీటర్లు పోతే ఉప్షి వస్తుంది, అక్కణ్ణుంచి 'మీరూ', 'గ్యా' అనే ఊళ్ళ వైపు మలుపు తిరిగాక రోడ్డుకి రెండు పక్కలా పొరలు నిట్టనిలువుగా నిలబడి ఉంటాయి. పల్నాడులో పడుకుని ఉన్న పొరల్ని గుర్తు చేయండి మీ అమ్మాయికి. నిమ్ము దగ్గర జాంస్కార్, సింధు నదులు కలిసే చోటు, ఆపైన లామాయూరులో ఎండిపోయిన చెరువు అడుగు మట్టి తప్పకుండా చూడాలి. దారిలో మాగ్నెటిక్ హిల్ అని బండి ఆపుతారు. కొండ కారుని లాగుతుందట. అదంతా కంటికి కనిపించే వాలు మోసం. ఆ పావుగంట ఉప్షి దగ్గర వాడుకోండి.

కానీ లేహ్ 3,500 మీటర్లు. విమానంలో వెళ్తే బెజవాడ ఎత్తు నుంచి ఒక్క రోజులో అంత పైకి పడతారు. మొదటి రెండు రోజులు గదిలో పడుకుని నీళ్ళు తాగడమే పని. ప్యాకేజీల వాళ్ళు మూడో రోజే 5,300 మీటర్లకి పైబడిన ఖర్దుంగ్ లా ఎక్కిస్తారు. బీపీ ఉన్న మీ అత్తగారికి ఇది వద్దు. బదరీనాథ్‌కి కూడా డాక్టరుని అడిగే తీసుకెళ్ళండి, కానీ అక్కడికి రెండు రోజుల్లో నెమ్మదిగా ఎక్కుతారు, ఒంట్లో బాగోకపోతే అదే రోజు కిందికి దిగొచ్చు. తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తే అలవాటవుతుందిలే అని కూర్చోకండి, ముందు దిగండి. ఎత్తుకి వేసుకునే డయామాక్స్ మాత్ర కూడా డాక్టరు చెబితేనే.

శిలాజాలు చూడాలని ఉంటే స్పితి ఉంది. సిమ్లా, కిన్నౌర్ మీదుగా కాజా వెళ్ళి, పైన సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న లాంగ్జా ఊరికి పోతే టెథిస్ సముద్రంలో బతికిన అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న జీవులు) నల్లటి మట్టిరాయిలో దొరుకుతాయి. 15 కోట్ల ఏళ్ళ నాటివి. పిల్లలు చేతిలో పెట్టి అమ్మజూపుతారు. కొనకండి, ఏరి తేకండి, ఫొటో తీసుకోండి చాలు. అయినా అమ్మోనైట్ చూడ్డానికి అంత దూరం పోనక్కర్లేదు. మీ వీధిలో పది ఇళ్ళు అడిగితే ఒక పూజగదిలోనైనా సాలగ్రామం ఉంటుంది. దాని మీద చక్రం ఆ జీవి చుట్ట ముద్రే. నేపాల్‌లో ముక్తినాథ్ దగ్గర కాళీగండకి నది ఆ పొరల్ని కోసుకుంటూ దౌలగిరి, అన్నపూర్ణ మధ్య నుంచి దిగుతుంది, వాటిని మోసుకొచ్చేది అదే. పెద్దవాళ్ళ దగ్గర అనుమతి తీసుకుని, చేతులు కడుక్కుని చూడమనండి.

నేపాల్ మాటొచ్చింది కాబట్టి, ఎవరెస్టు విమానం సంగతి. గంట సేపు కిటికీలోంచి శిఖరాలు కనిపిస్తాయి, మబ్బు లేకపోతే. ఎవరెస్టు 8,848.86 మీటర్లు, దాని కొస సముద్రపు సున్నపురాయి, శిఖరానికి కాస్త కింద పసుపు పట్టీ ఒకటి తెలుస్తుంది. బాగానే ఉంటుంది. కానీ రాయి ముట్టుకోలేరు, డబ్బుకి తగ్గ పాఠం కాదు. వెళ్ళేట్టయితే ఒకటి గుర్తుంచుకోండి: పెద్దవాళ్ళకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ కావాలి, ఆధార్ ఒక్కటీ చాలదు. 15 ఏళ్ళ లోపు పిల్లలకీ 65 దాటిన వాళ్ళకీ సడలింపు ఉంది.

ఆల్ప్స్ కూడా ఆఫ్రికా వైపు ముక్క యూరప్‌ని గుద్దితే లేచినవే. అక్కడి మాటర్‌హార్న్ శిఖరం పై భాగం రాళ్ళు ఆ ఆఫ్రికా వైపువి. స్విట్జర్లాండ్‌లోనే గ్లారుస్ దగ్గర పాత రాయి కొత్త రాయి మీదికి ఎక్కిన గీత కొండ పొడుగునా కత్తితో గీసినట్టు కనిపిస్తుంది, 2008లో యునెస్కో జాబితాలో చేర్చారు. మీ వారికి ఎలాగూ వెళ్ళాలని ఉంటే అది చూసి రమ్మనండి. మస్కట్‌లో బంధువులుంటే మాత్రం లోన్ లేకుండా ఇంకోటి ఉంది: ఒమన్ కొండల్లో సముద్రపు అడుగు రాయి నేల మీదికి ఎక్కి కూర్చుంది, ప్రపంచంలో ఇంత బాగా బయటపడ్డ చోట్లు తక్కువ.

భూకంపాల గురించి. భయం అబద్ధం కాదు. 1905లో కాంగ్రా, 1934లో బీహార్ నేపాల్ సరిహద్దు, 1950లో అస్సాం, 1991లో ఉత్తరకాశీ, 1999లో చమోలీ, 2015లో నేపాల్. ఏడాదికి 2 సెంటీమీటర్ల నెట్టుడు చీలికల మీద బిగుసుకుని, ఎప్పుడో ఒకసారి ఒక్క ఊపున తెగుతుంది. ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, వాట్సాప్‌లో తేదీ వేసి చెప్పేవాళ్ళని నమ్మకండి. పది రోజుల ప్రయాణానికి అంతకంటే పెద్ద ప్రమాదం రోడ్డు. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు ప్రయాణం వద్దు, వాన పడుతుంటే గదిలోనే ఉండండి, కొండచరియ పడ్డ చోట దిగి వీడియోలు తీయకండి. రాళ్ళు చూడ్డానికి ఆగినప్పుడు కూడా పై నుంచి వేలాడే బండ ఉందేమో ముందు చూడండి. జూలై, ఆగస్టుల్లో ఆ రోడ్డుకి అసలు పోవద్దు.

చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆన్‌లైన్‌లో ముందే చేయించుకోండి. మేలో రద్దీ విపరీతం, గదులు ఇప్పుడే చూసుకోండి. రోడ్డు ఎక్కడో ఒక చోట గంటలు ఆగిపోవచ్చు కాబట్టి ఢిల్లీ నుంచి తిరుగు టికెట్‌కి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. అమ్మాయికి పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం, ఒక నీళ్ళ సీసా, నోటు పుస్తకం చాలు, సుత్తి వద్దు. జియాలజికల్ సర్వే వారి భూకోశ్ వెబ్‌సైట్‌లో మ్యాపులు ఉచితంగా ఉన్నాయి. వాటిలో ఒక్కో రంగు ఒక్కో రకం రాయి. హరిద్వార్ నుంచి మానా దాకా రంగులు ఎక్కడెక్కడ మారుతున్నాయో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోమనండి. ఆ మార్పుల దగ్గరే బండి ఆపాలని బేరం కుదిరే రోజే డ్రైవర్‌తో చెప్పండి. దారిలో చెబితే విసుక్కుంటాడు.

మీ మామగారి ఆరోగ్యం గురించి ఏమీ రాయలేదు. ఆయనకి గుండె జబ్బు గానీ ఆస్తమా గానీ ఉంటే చెప్పండి, అప్పుడు రాత్రి పడకలు పీపల్‌కోటి, జోషీమఠ్‌లలో పెట్టుకుని, బదరీనాథ్‌కి పగలు మాత్రం వెళ్ళి వచ్చేలా ప్లాన్ మార్చి రాస్తాను.